చిన్నప్పటి నుంచి తిన్న రొయ్యలు 43 ఏళ్లకు ఎందుకు పడలేదు?

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నా వయసు 43. పుట్టి పెరిగింది భీమవరంలో. రొయ్యలు వండని వారం ఉండేది కాదు. రెండు నెలల కిందట ఒక పెళ్లి విందులో రొయ్యల బిర్యానీ తిన్న 20 నిమిషాలకు అరచేతుల్లో దురద మొదలైంది. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదవులు వాచి, గొంతు పట్టేసింది. రెండుసార్లు వాంతి అయింది. బండి మీద దగ్గరలోని క్లినిక్‌కు తీసుకెళ్తే అలర్జీ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపారు. ఆ రోజు కొత్తగా చేసిందేమీ లేదు, నెలసరి నొప్పికి మాత్ర వేసుకున్నాను, అంతే. తర్వాత ఒక ల్యాబులో 200కు పైగా పదార్థాల రక్తపరీక్ష చేయించుకుంటే బియ్యం, పసుపు, చింతపండు, పెరుగు సహా చాలావాటికి 'పడదు' అని వచ్చింది. ఆ జాబితాలో రొయ్యలు మాత్రం లేవు. నాకు చాలా ఏళ్లుగా పొద్దున లేవగానే తుమ్ములు వస్తాయి. ఈ మధ్య రొయ్యలు ఒలుస్తుంటే వేళ్లు దురద పెట్టేవి. మా అత్తగారు వేడి చేసిందంటున్నారు, మావారు రొయ్యలు పాడైపోయి ఉంటాయంటున్నారు. ఈ వయసులో అలర్జీ వస్తుందా? కొంచెం తిని చూడవచ్చా? చేపలు తినవచ్చా? మా పాపకు 12 ఏళ్లు. తనకూ మాన్పించాలా?"

మీరు అడిగిన వరుసలో కాకుండా ముందు ప్రాణానికి సంబంధించిన సంగతి చెబుతాను. ఈ నగరంలో చాలా ఏళ్లుగా అలర్జీ రోగులకు వైద్యం చేస్తున్నాను. మీరు రాసింది చదివితే అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఆ బండి ప్రయాణం.

ఆ రాత్రి మీకు వచ్చింది మామూలు దద్దుర్లు కాదు. తిన్న కొద్ది నిమిషాల్లోనే చర్మం, గొంతు, పొట్ట మూడూ ఒకేసారి తిరగబడ్డాయి. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. దీనికి మొదటి మందు ఎడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము వరకు, తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. అలర్జీ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయి. పడిపోతున్న రక్తపోటును నిలబెట్టే శక్తి, బిగుసుకుపోతున్న గొంతును తెరిచే శక్తి వాటికి లేవు. మీరు క్షేమంగా బయటపడ్డారు, అది చాలా సంతోషం. కానీ మరోసారి ఇలా జరిగితే దద్దుర్లు తగ్గాయా లేదా అని చూస్తూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోను చేయించి, వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. లేచి నిలబడటం, మెట్లు దిగడం, బండి వెనక కూర్చుని వెళ్లడం చేయకూడదు. రక్తపోటు పడిపోతున్న మనిషిని ఒక్కసారిగా నిటారుగా లేపితే గుండెకు చేరే రక్తం తగ్గిపోయి అక్కడికక్కడే ప్రాణం పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఎడ్రినలిన్ ఇచ్చాక తేరుకున్నా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, ఎందుకంటే లక్షణాలు తగ్గి మళ్లీ తిరగబెట్టవచ్చు.

తొడకు ఆనించి నొక్కితే చాలు మందు దిగిపోయే ఎడ్రినలిన్ పెన్నులు విదేశాల్లో రోగుల సంచుల్లో ఉంటాయి. మన మందుల దుకాణాల్లో అవి దొరకడం కష్టం. అందుకని నావంటి వైద్యులు మామూలు ఎడ్రినలిన్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు గొట్టం), ఒక మిల్లీలీటరు సిరంజి ఇచ్చి, ఎలా వాడాలో రోగికి, ఇంట్లో మరొకరికి దగ్గరుండి నేర్పిస్తాం. మీకూ అది అవసరమని నా అభిప్రాయం. మీరు చూపించుకునే వైద్యుణ్ని అడిగి, మీవారితో కలిసి నేర్చుకోండి. ఆ మందుకు వేడీ వెలుతురూ గిట్టవు కాబట్టి మే నెల ఎండలో ఆపిన కారులో దాన్ని వదిలేయకూడదు.

ఇక ఈ వయసులో అలర్జీ వస్తుందా అన్నది. తప్పకుండా వస్తుంది. అమెరికాలో 40 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన సర్వే 2019లో వెలువడింది. నూటికి దాదాపు 11 మందికి ఆహార అలర్జీ ఉన్నట్టు, వాళ్లలో ఇంచుమించు సగం మందికి కనీసం ఒక అలర్జీ పెద్దయ్యాకే మొదలైనట్టు అందులో తేలింది. అన్నిటికన్నా ముందున్నవి రొయ్యలు, పీతల జాతివే. అవి అక్కడి లెక్కలు, మన లెక్కలు వేరుగా ఉంటాయి. కానీ పెద్దవాళ్లకు కొత్తగా అలర్జీ రాదన్న నమ్మకాన్ని వదిలేయడానికి అవి చాలు.

"ఇన్నేళ్లు తిన్నాను కదా" అని నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది అంటారు. నిజానికి శరీరం ఎప్పుడూ ఎరగని పదార్థం మీద అలర్జీ పుట్టదు. ముందు పరిచయం కావాలి. ఆ పరిచయంలో ఎప్పుడో ఒకప్పుడు రోగ నిరోధక వ్యవస్థ ఆ ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడి, దాని మీద ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి చర్మంలో, గొంతులో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. ఆ తర్వాత అదే ప్రొటీన్ లోపలికి వెళ్లగానే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వెళ్లగక్కుతాయి. ఈ పొరపాటు రెండేళ్లప్పుడు జరగవచ్చు, 60 ఏళ్లప్పుడూ జరగవచ్చు.

మీ విషయంలో దారి ఎటునుంచి పడిందో ఊహించడానికి మీరే రెండు ఆధారాలు ఇచ్చారు. మొదటిది పొద్దున పూట తుమ్ములు. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ము పురుగులు ఉంటాయి. డస్ట్ మైట్ అని మీరు వినే ఉంటారు. రొయ్య కండరంలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌ను చాలా దగ్గరగా పోలినది ఆ పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము పురుగుల మీద అలర్జీ పెంచుకున్న శరీరం, ఒక రోజు అదే పోలిక రొయ్యలో చూసి తిరగబడవచ్చు. పొద్దున లేవగానే తుమ్మేవాళ్లందరికీ ఇలా జరగదు. కానీ పెద్దయ్యాక రొయ్యలు పడనివాళ్లను అడిగితే తుమ్ములో, ఆయాసమో ముందు నుంచీ ఉన్నాయని చెప్పేవాళ్లు నాకు తరచుగా కనిపిస్తారు.

రెండోది ఒలిచేటప్పటి దురద. చిన్న చిన్న గాట్లు, పగుళ్లు ఉన్న చర్మం గుండా ఆహారపు ప్రొటీన్ లోపలికి వెళ్తే అది అలర్జీకి దారితీయగలదు. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన 2 వేల మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. అంతకు ముందు హాయిగా రొట్టె తిన్నవాళ్లే వాళ్లంతా. 2011లో ఆ సబ్బును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవాళ్లకు ఆ ఆవిరి పీల్చి ఆయాసం రావడం కూడా వైద్యులు గుర్తించినదే. అందుకే ఎగ్జిమా (దురదతో చర్మం ఎండి పగిలే జబ్బు) ఉన్న చర్మానికి శనగపిండి, పాలమీగడ, బాదం ముద్ద పట్టించవద్దని నా దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ చెబుతాను.

మరో కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఊళ్లో ఇంటింటా ఉంది. వైద్యుడు చెప్పకుండానే నెలల తరబడి పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. కడుపులోని ఆమ్లం ప్రొటీన్లను విరగ్గొడుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే మందులు ఎక్కువ కాలం వాడిన పెద్దవాళ్లలో ఆహారం మీద కొత్తగా ఐజీఈ తయారైనట్టు వియన్నా పరిశోధకులు చూపించారు. అవసరం ఉన్నవాళ్లు వాడాల్సిందే. అవసరం తీరాక మానేయాలి.

ఇప్పుడు మీరు "అంతే" అని దాటేసిన మాత్ర దగ్గరికి వస్తాను. మీ కథనంలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు పేగు గోడను వదులు చేసి, అరగని ప్రొటీన్ రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తాయి. మాస్ట్ కణాలను కూడా సులువుగా రెచ్చగొడతాయి. నెలసరి రోజులు, నిద్రలేమి, జ్వరం, మద్యం, తిన్న వెంటనే చేసే వ్యాయామం కూడా ఇలాగే అలర్జీ తీవ్రతను పెంచుతాయి. కట్ట అంచు దాకా నిండిన చెరువుకు గండి పడాలంటే చిన్న వాన చాలు. అంతకు ముందు రొయ్యలు ఒలిచినప్పుడు వేళ్ల దురదతో పోయింది, ఆ రాత్రి మాత్రం గొంతు దాకా వచ్చింది అంటే, ఆ మాత్రా నెలసరీ రెండూ తోడై ఉంటాయి.

ఇలా రెండు విషయాలు కలిస్తేనే బయటపడే అలర్జీని 1979లో వైద్యులు మొదటిసారి వర్ణించారు. ఆ రోగి పీతల జాతి ఆహారం తిని వ్యాయామం చేసినప్పుడే అది వచ్చేది. మన దగ్గర గోధుమతో ఇలాంటిది కనిపిస్తుంది. రాత్రి చపాతీలు తిని పడుకుంటే ఏమీ ఉండదు. పొద్దున్నే రెండు చపాతీలు తిని కేబీఆర్ పార్కులో వేగంగా నడిస్తే దద్దుర్లు వచ్చి కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషి నాకు చపాతీ పడదని ఎప్పటికీ అనుకోడు, ఎండ వల్లనో చెమట వల్లనో అనుకుంటాడు.

ఒక్క ప్రశ్న మిమ్మల్ని తప్పక అడగాలి. ఆ తర్వాత అదే మాత్ర మళ్లీ వేసుకున్నారా? రొయ్యలు లేకుండా మాత్ర ఒక్కటే వేసుకున్నప్పుడు ఏమీ కాకపోతే అనుమానం రొయ్యల మీదే బలపడుతుంది. ఇంకా వేసుకోకపోతే ఇప్పుడు ప్రయోగం చేయవద్దు. ఆ జాతి మాత్రల వల్లనే దద్దుర్లు, వాపు వచ్చేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి, విషయం తేలేవరకు అది మానేసి, నొప్పికి ఏం వాడాలో వైద్యుణ్ని అడగండి. మాత్ర లేకపోతే రొయ్యలు తినవచ్చు కదా అన్న ఆలోచన కూడా రానివ్వకండి.

మీవారి అనుమానానికి కూడా జవాబు చెప్పాలి. రొయ్యలు పాడైపోతే ఆ బంతిలో తిన్నవాళ్లలో మరికొందరికైనా వాంతులో విరేచనాలో అయ్యేవి. అదీ సాధారణంగా కొన్ని గంటల తర్వాత. చూర, కానాగంత వంటి చేపలు సరిగ్గా నిల్వ చేయకపోతే వాటిలోనే హిస్టమిన్ తయారై అలర్జీలాగే ముఖం ఎర్రబడి దురద పెట్టడం ఉంటుంది. అది రొయ్యల కథ కాదు, అప్పుడు కూడా తిన్నవాళ్లు చాలామంది బాధపడతారు. "వేడి చేసింది" అన్నమాట మీ అత్తగారు ప్రేమతో అన్నదే. కానీ ఆ మాట నమ్మి మజ్జిగ తాగి ఊరుకుంటే తర్వాతిసారి ప్రమాదం.

ల్యాబు రిపోర్టు గురించి గట్టిగానే చెబుతాను. మీరు వర్ణించినదాన్ని బట్టి అది ఐజీజీ పరీక్ష, పైన చెప్పిన ఐజీఈది కాదు. ఐజీజీ ప్రతిరక్షకాలు మనం రోజూ తినే ఆహారానికి ఆరోగ్యవంతుల్లో కూడా ఉంటాయి. అన్నం, పసుపు, చింతపండు, పెరుగు మీ జాబితాలో ఎందుకు ఉన్నాయంటే మీరు అవి రోజూ తింటున్నారు గనక. గొంతు పట్టేసిన రొయ్య మాత్రం అందులో లేదు, ఇంతకన్నా ఆ పరీక్ష గురించి చెప్పేదేముంది? ఆహార అలర్జీ నిర్ధారణకు దాన్ని వాడవద్దని ఐరోపా, అమెరికా, కెనడా అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. ఆ జాబితా చూసి అన్నం పెరుగు మానేసి నీరసించిపోయి వచ్చే ఆడవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఈ పూటే మీరు ఎప్పటిలా అన్నం, పులుసు, పెరుగు తినండి.

సరైన ఐజీఈ పరీక్షను కూడా గుడ్డిగా చదవకూడదు. కర్ణాటకలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పెద్దవాళ్లలో నాలుగో వంతు మందికి ఏదో ఒక ఆహారానికి ఐజీఈ పాజిటివ్ వచ్చింది. తిన్నప్పుడు నిజంగా బాధపడేవాళ్లు నూటికి ఒకరికి కాస్త పైన మాత్రమే. కాబట్టి ఏం తిన్నారు, ఎంతసేపటికి వచ్చింది, ఆ రోజు ఇంకేం జరిగింది అన్న కథనమే అసలైన పరీక్ష. మిగతావి ఆ కథనాన్ని సరిచూసుకోవడానికి. కథనం వినకుండా పరీక్ష రాసేవాళ్ల దగ్గర ఆగకండి.

మీకు చేయాల్సింది స్కిన్ ప్రిక్ టెస్ట్. ముంజేతి లోపలి వైపు చుక్కలు వేసి, ప్రతి చుక్క మీద సన్నని మొనతో చర్మాన్ని పైపైన గుచ్చుతారు, రక్తం రాదు. ఒక చుక్క ఉత్త సెలైన్, ఒకటి హిస్టమిన్, మిగతావి రొయ్య, పీత, చేప, దుమ్ము పురుగు సారాలు. పావుగంట, 20 నిమిషాల తర్వాత సెలైన్ చుక్క కన్నా 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉబ్బితే పాజిటివ్. సీసాల్లో వచ్చే సారం మీద అనుమానం ఉన్నప్పుడు నేను మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చి రొయ్య ఒకటి, ఉడికించినది ఒకటి వేరువేరు డబ్బాల్లో తెమ్మంటాను. సూదిని ముందు రొయ్యలో, తర్వాత చర్మంలో గుచ్చి చూస్తాం. మీరు ముట్టుకోవద్దు, ఆ డబ్బాలు మీవారిని సర్దమనండి. పరీక్షకు వారం ముందు నుంచి తుమ్ముల మాత్రలు ఆపాలి, లేకపోతే ఉబ్బు రాదు. ఇంట్లో సొంతంగా గుచ్చుకుని చూసుకోవడం మాత్రం వద్దు.

కొంచెం తిని చూడవచ్చా అన్న ప్రశ్నకు జవాబు, ఇంట్లో వద్దు. కొద్దికొద్దిగా తింటూ పోతే అలవాటై పోతుందని బంధువులు చెబుతారు. అనాఫిలాక్సిస్ వచ్చిన మనిషి విషయంలో ఆ మాట చాలా ప్రమాదకరం. తినిపించి చూసే పరీక్ష ఉంది, అది ఆసుపత్రిలో, ఎడ్రినలిన్ పక్కన పెట్టుకుని, అనుమానం మిగిలినప్పుడు చేసేది. ట్రోపోమయోసిన్ వేడికి విరగదు కాబట్టి బాగా వేయించినా, ఎండబెట్టినా, నిల్వపచ్చడి పెట్టినా తేడా లేదు. పెద్దవాళ్లకు వచ్చే రొయ్యల అలర్జీ సాధారణంగా దానంతట అది పోదు. పొరపాటున కొద్దిగా తిన్నా ప్రమాదం తగ్గించేందుకు ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2024లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అది వేసుకుంటూ కూడా ఆ ఆహారం మానాల్సిందే. ఖర్చు ఎక్కువ, మీకు ఇప్పుడు దాని అవసరం కనిపించడం లేదు.

పీతలు, లాబ్‌స్టర్లు కూడా పరీక్ష అయ్యేవరకు మానేయండి, ట్రోపోమయోసిన్ వాటిలోనూ ఉంది. బయట తినేటప్పుడు కంటికి కనిపించే రొయ్య కన్నా కనిపించని రొయ్యతోనే చిక్కు. బీరకాయలో, గోంగూరలో వేసే ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు మీకు తెలియనివి కావు. హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్, రొయ్యల వేపుడు ఒకే మూకుడులో, ఒకే నూనెలో వేగుతాయి. పెళ్లి విందుల్లో ఒకే గరిటె అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది. "రొయ్యలు ఉన్నాయా" అని వడ్డించేవాణ్ని అడిగితే లేవంటాడు. వంటవాణ్ని పిలిపించి నూనె సంగతి అడగాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

వేరుశనగ, నువ్వులు పడనివాళ్లకు ఇదే చిక్కు బిర్యానీ పక్కన వచ్చే మిర్చీ కా సాలన్‌తో, బగారా బైంగన్‌తో ఉంటుంది. ఆ గ్రేవీకి చిక్కదనం వాటివల్లే వస్తుంది. ప్యాకెట్ల మీద గోధుమ, రొయ్య జాతి, పాలు, గుడ్లు, చేప, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్ల ప్రస్తావన ఉండాలని మన ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు. వాటి అలర్జీ ఉన్నవాళ్లు పదార్థాల వరుస మొత్తం చదవాలి.

ఇది చదివే పెద్దవాళ్లకు ఒక మాట. దద్దుర్లు, దురద ఏమీ లేకుండా పెదవి, నాలుక మాత్రమే వాచిపోతుంటే ముందు మీ బీపీ మాత్ర పేరు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి ఏళ్ల తరబడి వాడాక కూడా ఇలాంటి వాపు తెస్తాయి. పాపం వంకాయ మీద వేసి అది మానేసి, మాత్ర మాత్రం కొనసాగించే వాళ్లున్నారు. వాపు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, మాత్ర మార్చమని వైద్యుణ్ని అడగాలి. ఆరు వారాలకు మించి దాదాపు రోజూ వచ్చే దద్దుర్లకు కూడా చాలావరకు ఆహారం కారణం కాదు.

చేపల విషయానికి వస్తే, చేప అలర్జీకి కారణమైన ముఖ్య ప్రొటీన్ పార్వాల్బుమిన్. ట్రోపోమయోసిన్‌తో దానికి సంబంధం లేదు. రొయ్యలు పడనివాళ్లలో చాలామంది చేపలు హాయిగా తింటారు. మీరు ఇదివరకు కొర్రమీను, బొచ్చె తిని బాగానే ఉన్నారనుకుంటే, ప్రిక్ టెస్టులో చేప కూడా చూపించుకుని, నెగటివ్ వస్తే ఇంట్లో వండుకుని తినండి. బజారులో చేప, రొయ్య ఒకే బల్ల మీద కోస్తారు కాబట్టి శుభ్రంగా కడిగిన కత్తితో విడిగా కోయించుకోవాలి. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదంతో అలర్జీ పోతుందా అని చాలామంది అడుగుతారు, మీ ఇంట్లోనూ ఆ మాట రావచ్చు. అది ఉబ్బసానికని జనం నమ్మి తీసుకునేది. అలర్జీని పోగొడుతుందనడానికి ఆధారం లేదు. గొంతు వాచిన చరిత్ర ఉన్న మనిషి బతికి ఉన్న చేపను మింగడానికి నేను ఒప్పుకోను.

మీ పాపకు రొయ్యలు మాన్పించనక్కర్లేదు, పరీక్షలూ అక్కర్లేదు. అలర్జీ పడే స్వభావం కుటుంబంలో రావచ్చు గానీ, తల్లికి రొయ్య పడకపోతే బిడ్డకూ అదే పడదని లేదు. ఇష్టంగా తింటున్న ఆహారాన్ని భయంతో ఆపడం ఆమెకు మేలు చేయదు. ఇబ్బంది మీ వంటింట్లో ఉంది. రొయ్యలు ఉడికే ఆవిరికే కొందరికి ఆయాసం వస్తుంది, ఒలిచిన చేతులతో తాకిన గరిటెలూ పీటలూ ప్రమాదమే. కొన్నాళ్లు ఇంట్లో వండకుండా, భీమవరం వెళ్లినప్పుడు అమ్మమ్మ చేత వండించి పెట్టండి. ఆ పూట మీరు వంటింటి వైపు వెళ్లకండి. పాప తిన్నాక సబ్బుతో చేతులు, మూతి కడుక్కుని మీ దగ్గరికి రావాలి. ఉత్త నీళ్లతో కడిగితే ఆ ప్రొటీన్ పూర్తిగా పోదు.